ఎరువు నేలలో ఎరువు

మన తెలుగులో "ఎరువు" అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిందే, పొలానికి వేసేది. రెండోది ఇప్పుడు కొంచెం మరుగున పడింది. వాడుకుని తిరిగి ఇచ్చేయాల్సిన వస్తువు. ఎరువు సొమ్ము బరువు చేటు అని పెద్దవాళ్లు అనేది ఈ రెండో అర్థంలోనే. పక్కింటి నగ పెట్టుకుని పెళ్లికి పోతే మెడకు బరువు తప్ప మనకేమీ మిగలదని దాని భావం.

సాహిత్యం చదువుకున్నవాళ్లకు ఇదొక శ్లేష. కౌలుకు దున్నుకునే మనిషికి మాత్రం ఇది ఏటా తేలే లెక్క. ఆ లెక్కే ఈ వారం రాద్దామనుకుంటున్నాను. దానికి ఆలుగడ్డను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

నవ్వకండి. ఈ వరుసలో పోయినసారి బావి గురించి రాసినప్పుడు చాలామంది తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడిగారు, "సేంద్రియం, ప్రకృతి సేద్యం అని అందరూ అంటున్నారు, అందులో మనమెక్కడున్నాం" అని. మనం ఎక్కడ లేమో చెప్పడం తేలిక. ఎక్కడున్నామో చూపించాలంటే మట్టిలోకి దిగాలి. కాబట్టి ముందు మట్టి పని చెప్తాను, తర్వాత రాజకీయం చెప్తాను. నిజానికి రెండూ విడివిడిగా ఉండవు.

ఆలుగడ్డ ఎక్కడ, ఎప్పుడు

ఇంటర్నెట్‌లో ఆలుగడ్డ సాగు అని వెతికితే మొదట వచ్చే సలహా "వసంతంలో నాటండి" అని. అది యూరప్ మాట, ఉత్తర అమెరికా మాట. అక్కడ మంచు కరిగి నేల వెచ్చబడేది అప్పుడే. మన దగ్గర ఉగాది నాటికి ఆలుగడ్డ బస్తాల్లో ఉంటుంది. తెలంగాణలో ఆలుగడ్డ అనగానే గుర్తొచ్చేది జహీరాబాద్, కోహీర్ వైపు ఎర్ర చెలకలు. అక్కడ వానలు వెనక్కిపోయాక, అక్టోబర్, నవంబర్‌లో నాటి, జనవరి, ఫిబ్రవరిలో తవ్వుతారు. గడ్డ ఊరాలంటే రాత్రి చల్లగా ఉండాలి. ఆ చలి మనకు ఆ మూడు నెలలే దొరుకుతుంది.

అంటే నేలను తయారుచేసే కాలం కూడా మారుతుంది. అక్కడివాళ్లు చలికాలమంతా ఎరువును మాగబెట్టి వసంతానికి సిద్ధమవుతారు. మన రైతు ఎండాకాలంలో మొదలుపెట్టి వానాకాలమంతా నేలను తయారు చేయాలి. అయిదారు నెలల ముందు నుంచి ఆ చెలక తన చేతిలో ఉండాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఆలుగడ్డ వేరు కాదు. భూమిలో ఉబ్బిన కాండం. అది లావవ్వడానికి మట్టిని పక్కకు నెట్టుకోవాలి. మట్టి గట్టిగా ఉంటే గడ్డ వంకరపోతుంది, చిన్నదవుతుంది. నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. వెలుతురు తగిలితే ఆకుపచ్చగా మారి చేదెక్కుతుంది, అది తినకూడదు కూడా. అందుకే బోదె మీదికి మట్టి ఎగదోస్తారు. మెత్తగా, గుల్లగా, తేమ పట్టేదిగా, కొంచెం పులుపు గుణం ఉన్న నేల దానికి ఇష్టం. జహీరాబాద్ ఎర్ర నేలకు గుల్లదనం ఉంది. కానీ సత్తువ తక్కువ, తేమ ఎక్కువసేపు నిలవదు. ఆ రెండూ మనిషి చేర్చాలి.

ఎలా చేరుస్తారో ఒక్కొక్కటే చూద్దాం. ప్రతి పద్ధతి వెనకా ఒక చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో కూడా చూద్దాం.

పెంట

మొదటిది పెంట. పశువుల కొట్టంలోంచి ఎత్తిన పేడ, మూత్రం తాగిన గడ్డి, తొక్కుడు చెత్త, అన్నీ కలిపి కుప్ప పోసి మాగబెట్టింది. ఆలుగడ్డకు ఎకరానికి పది టన్నుల దాకా వేయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్తారు. పచ్చి పేడ వేయకూడదు. పచ్చి పేడ వెంబడి వేరుపురుగు వస్తుంది, గడ్డ తొక్క మీద గరుకు మచ్చలు పడతాయి. చివకని గడ్డీగాదం నేలలో కలిస్తే దాన్ని చివికించే సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని ముందు తినేస్తాయి. మొక్కకు ఆకలి మిగులుతుంది.

మాగిన ఎరువును గుర్తుపట్టడానికి పరికరం అక్కర్లేదు. పిడికెడు తీసుకోండి. వేడి ఉండకూడదు. పేడ వాసన పోయి వాన పడ్డ మట్టి వాసన రావాలి. గడ్డిపోచ గుర్తుపట్టలేనంతగా పొడి కావాలి. దానికి కనీసం మూడు, నాలుగు నెలలు పడుతుంది. కుప్ప ఎండకు ఎండితే నత్రజని గాలిలో కలుస్తుంది, వానకు తడిస్తే సారం కొట్టుకుపోతుంది. అందుకే నీడన గుంత తీసి, పైన మట్టి కప్పాలి.

ఇప్పుడు చెయ్యి లెక్క. పది టన్నులంటే పదివేల కిలోలు. ఒక గంపకు ఇరవై కిలోలు పడుతుందనుకుంటే అయిదు వందల గంపలు. ఒక్క ఎకరానికి. ట్రాక్టర్లు రాకముందు బండి పోయే దాకా బండి, బండి పోని చోట నెత్తి. గంపలోంచి కారిన రసం మెడ మీదుగా జారేది. ఈ పెంట ఎత్తుడు మన ఊళ్లలో ఎవరి పనో మీకు చెప్పాల్సిన అవసరం లేదు. పొద్దున్నే దొర కొట్టం ఊడ్చేది మాదిగవాడ ఆడమనిషి. పేడ ఏరి తెచ్చేది జీతమున్న పశుల పిల్లగాడు. దసరాకు ముందు చెలకలో కుప్పలు పోసి, చేతులతో ఎరజల్లేది మళ్లీ ఆ ఆడమనుషులే.

భాషలో ఏం జరిగిందో చూడండి. పెంట అనేది ఒకప్పుడు మనుషులుండే చోటుకు కూడా పేరే. నల్లమలలో చెంచుల ఆవాసాలను ఇప్పటికీ పెంటలంటారు. అలాంటి మాట ఊళ్లో తిట్టుగా మారింది. పని చెడిపోతే పెంట చేశావంటారు. పంటను నిలబెట్టిన సరుకు పేరు చెడిపోవడానికి గుర్తయింది. మరోపక్క అదే పేడ కళ్లాపిగా వాకిట్లోకి పోయింది, ముగ్గు కింద శుభ్రమైంది, పూజలో పవిత్రమైంది. పేడ వాకిలి దాటింది. పేడ మోసిన మనిషి వాకిలి బయటే నిలబడింది. అంటు పేడలో లేదని, గంప ఎవరి నెత్తిన ఉందో దాన్నిబట్టి పుట్టిందని దీనికంటే తేటగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

పచ్చిరొట్ట

రెండోది పచ్చిరొట్ట. తొలకరి వానకు జనుము గానీ జీలుగ గానీ దట్టంగా చల్లుతారు. ఎకరానికి పది, పదిహేను కిలోల విత్తనం. వీటి వేళ్ల మీద బుడిపెలుంటాయి. వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. నలభై అయిదు రోజులకు, పూత మొదలయ్యే వేళ, పైరు లేతగా ఉన్నప్పుడే కలియదున్నాలి. ముదిరితే కాండం కట్టెబారి చివకడానికి చాలా కాలం పడుతుంది. దున్నాక రెండు మూడు వారాలు నేలను ఊరుకోనివ్వాలి. జూన్‌లో చల్లితే ఆగస్టుకు దున్నుడు, సెప్టెంబర్‌కు చివుకుడు, అక్టోబర్‌కు ఆలుగడ్డకు తయారు.

పచ్చిరొట్టకు పశువు అక్కర్లేదు. ఆవు లేనోడికి, గేదె లేనోడికి ఇదే దిక్కు. కానుగ కొమ్మ, గట్టు మీది గిరిపుష్పం రెమ్మ కోసి తెచ్చి తొక్కినా అదే పని చేస్తుంది. అయితే ఒక ఇబ్బంది ఉంది. వానాకాలం ఆ చెలకలో తినే పంట ఉండదు. పెసర, మినుము వేసుకుంటే కాయ కోసుకుని మిగతా మొక్కను దున్నుకోవచ్చు, సత్తువ కొంచెం తగ్గినా ఇంటికి పప్పు వస్తుంది. ఒక పంటను పూర్తిగా నేలకు తినిపించాలంటే ఆ నేల రేపు కూడా నాదేనన్న ధీమా కావాలి.

మంద, మట్టి, బూడిద, బొక్కలు

మూడోది గొర్రెల మంద. ఎండాకాలం గొల్లకురుమలు మందను రాత్రిపూట చెలకలో నిలుపుతారు. పెంటికలతో పాటు మూత్రం కూడా నేరుగా నేలలోకి పోతుంది. తెల్లారి పైపైన దున్నేస్తే ఆ ఘాటు గాలిలోకి పోకుండా నిలుస్తుంది. దానికి రాత్రికింతని గొర్రెలోళ్లకు ఇవ్వాలి. ఖర్చు ఎండాకాలంలో, ఫలితం చలికాలంలో.

నాలుగోది చెరువు మట్టి. ఎండిన చెరువు అడుగున పేరుకున్న నల్లటి పూడికను ఎర్ర చెలకలో కలిపితే తేమ పట్టే గుణం పెరుగుతుంది. ఆలుగడ్డకు మాత్రం పలచగా వేయాలి. ఎక్కువైతే నేల బిగుసుకుని గడ్డ ఊరదు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసినప్పుడు మట్టి ఉచితమే, తోలుకునే ఖర్చు రైతుది. ఒకసారి వేసిన మట్టి కొన్నేళ్లు పనిచేస్తుంది. మరి ఒక ఏడాది కౌలుదారు ట్రాక్టర్ కిరాయి పెట్టుకుని ఎందుకు తోలుకుంటాడు? చెరువు మాట వచ్చింది గనక ఇదీ చెప్పాలి. ఆ చెరువు తూము తీసి, ఎవరి మడికి ఎంత నీళ్లో చూసుకున్న నీరటి చాలా ఊళ్లలో మాల, మాదిగ మనిషే. నీళ్లను పంచినోడికి ఆ ఆయకట్టులో మడి లేదు.

అయిదోది కట్టెల పొయ్యి బూడిద. అందులో పొటాష్ ఉంటుంది, ఆలుగడ్డకు పొటాష్ ఎక్కువ కావాలి. కానీ బూడిదది సున్నం గుణం. నేల పులుపును విరిచేస్తుంది, అప్పుడు గడ్డ మీద గరుకు మచ్చలు పెరుగుతాయి. ఎర్ర నేలలో పిడికెళ్ల లెక్కన వేయాలి, తట్టల లెక్కన వేయకూడదు. నల్లరేగడిలో వేయనే వద్దు.

ఆరోది బొక్కల పొడి. ఎముకలో భాస్వరం ఉంటుంది, వేరు ఎదగడానికి అది కావాలి. పులుపు నేలలో మెల్లగా కరిగి కొన్నేళ్లు అందుతుంది. ఇప్పుడు నర్సరీల్లో కిలో ప్యాకెట్లలో, మొక్కల బొమ్మతో అమ్ముతున్నారు. ఊళ్లో పశువు చస్తే దాన్ని ఊరవతలికి ఈడ్చుకెళ్లి, తోలు తీసి, చెప్పులు, తొండాలు, డప్పులు చేసింది మాదిగలు. ఎండిన బొక్కలు ఏరి మిల్లులకు అమ్మింది కూడా అట్టడుగు కులాలవాళ్లే. బొక్కల పొడి ప్యాకెట్ ఇంటి బాల్కనీలోకి వచ్చింది. బొక్కలు ఏరినవాళ్లకు ఆ అపార్ట్‌మెంట్‌లో ఇల్లు అద్దెకు దొరకదు.

మరో రెండు చిన్న మాటలు. టమాట, వంకాయ, మిరప వేసిన చోట వెంటనే ఆలుగడ్డ వేయకండి. అవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లూ ఉమ్మడివే. తెగులు పట్టిన ఆలుగడ్డను ఎరువు కుప్పలో వేయకండి.

జీవామృతం ఎవరి పేరు మీద

ఇంత చెప్పి జీవామృతం గురించి చెప్పకపోతే కామెంట్లలో నన్ను ఊరుకోనివ్వరు. రెండు వందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మట్టి. నీడన పెట్టి కలుపుతూ పులియబెట్టి నేలకు ఇస్తారు. సుభాష్ పాలేకర్ దీన్ని దేశమంతా ప్రచారం చేశారు, 2016లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయాన్ని ఊళ్లకు తీసుకెళ్లింది. అక్కడ మహిళా సంఘాలు చాలా పని చేశాయి. దాన్ని నేను తక్కువ చేయను.

నా మాట రెండు విషయాల మీదే. ఒకటి, జీవామృతం తోడు లాంటిది. పాలుంటే తోడు పెరుగు చేస్తుంది. నేలలో చివకడానికి ఆకూ అలమూ, పెంటా లేకపోతే సూక్ష్మజీవులకు తిండి ఏది? తోడు గురించి ఇంత మాట్లాడి పాలు మోసినవాళ్ల గురించి మాట్లాడకపోతే ఎలా? రెండు, నాటు ఆవు పేడకే మహిమ అంటారు. గేదె పేడ మాగినా ఎరువే, మేక పెంటికలు మాగినా ఎరువే. మన వాడల్లో ఆవు కంటే గేదె, గేదె కంటే మేక ఎక్కువ. నేలకు కులం పట్టింపు లేదు, దానికి కావలసింది చివికిన పదార్థం. ఆవును మధ్యలో నిలబెట్టి చెప్పే సేద్యంలో ఆవు లేనివాళ్లు, చచ్చిన ఆవును మోసినవాళ్లు అంచుకు పోతారు.

2016 జులైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కట్టేసి కొట్టారు. ఆ తర్వాత అహ్మదాబాద్ నుంచి ఊనాకు నడిచినవాళ్లు ఏమడిగారో గుర్తుందా? జాలి అడగలేదు. ఆవును మీరే చూసుకోండి, మాకు కుటుంబానికి అయిదెకరాల భూమి ఇవ్వండి అన్నారు. ఎరువు పని నుంచి నేరుగా భూమి హక్కు దగ్గరికి వచ్చారు. నేనూ ఇప్పుడు అక్కడికే వస్తున్నాను.

సారం అంటే కాలం

రసాయన ఎరువుకూ పెంటకూ అసలు తేడా ఇది. యూరియా ఈ వారం వేస్తే ఈ పంటకే అందుతుంది. పెంటలో నత్రజని చాలా తక్కువ, సుమారు అర శాతం. అందులోనూ మొదటి ఏడాది పైరుకు అందేది కొంతే. మిగిలింది రెండో ఏడాది, మూడో ఏడాది మెల్లగా విడుదలవుతుంది. చెరువు మట్టి అంతే, బొక్కల పొడి అంతే. సహజమైన పద్ధతిలో నేలను బాగుచేయడమంటే రాబోయే ఏళ్లకు అప్పు ఇవ్వడం. ఈ ఏడాది మోసిన అయిదు వందల గంపల ఫలితంలో పెద్ద వాటా తినేది, రేపు ఆ నేల ఎవరి చేతిలో ఉంటే వాళ్లు.

ఎరువు అన్న మాటలోని రెండు అర్థాలూ ఇక్కడ కలుసుకుంటాయి.

జహీరాబాద్ వైపు మా చిన్నమ్మ వాళ్లు రెండెకరాల చెలక కౌలుకు పట్టారు. రాళ్లేరారు. మొదటి ఏడాది జనుము చల్లి దున్నారు. రెండో ఏడాది వాడలో ఇల్లిల్లూ తిరిగి పెంట కొని తోలారు. మూడో ఏడాది ఆలుగడ్డ మంచిగా వచ్చింది. గడ్డ తవ్విన నెలకే పట్టాదారు కౌలు పెంచమన్నాడు. పెంచలేమంటే వేరేవాళ్లకు ఇచ్చేశాడు. కాగితం లేదు, నోటి మాటే. చిన్నమ్మ ఏడవలేదు. ఒక్క మాటంది: "మన్ను మంచిగైతె మనకు మంచిది కాదు బిడ్డా. ఇగ నేను పెంట తోలుత లేను. మందు బస్తనే ఏసుకుంట."

సేంద్రియ సేద్యం మీద నేను విన్న ఉపన్యాసాలన్నింటి కంటే ఈ మాట పెద్దది. కౌలు రైతు యూరియా బస్తా ఎందుకు కొంటాడని పర్యావరణవేత్తలు బాధపడుతుంటారు. అవగాహన లేదంటారు, శిక్షణ ఇవ్వాలంటారు. చిన్నమ్మకు జనుము తెలుసు, మాగిన ఎరువు వాసన తెలుసు, బూడిద ఎక్కడ ఆపాలో తెలుసు. ఆమెకు లేనిది మూడో ఏడాది తర్వాత నాలుగో ఏడాది. ఆ నాలుగో ఏడాది శిక్షణలో దొరకదు. కాగితంలో దొరకాలి.

కాగితం సంగతి

2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చింది. అప్పుడు పంటకు ఎకరానికి నాలుగు వేలు. పట్టా పాస్‌బుక్ ఉన్నవాడికి వచ్చింది, పొలంలో లేకపోయినా వచ్చింది. కౌలుదారుకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం కౌలుదారును గుర్తించే ప్రయత్నం చేశాయి. 2019 చట్టం కింద ఇచ్చే కార్డు పదకొండు నెలలకు. దానికి భూమి యజమాని సంతకం కావాలి. పదకొండు నెలలు! జనుము చల్లిన నాటి నుంచి లెక్కేస్తే ఒక ఆలుగడ్డ పంట తవ్వి, మళ్లీ ఎరువు కుప్ప పోసే లోపలే గడువు తీరిపోతుంది. ప్రభుత్వం ఒక చేత్తో ప్రకృతి సేద్యం చేయమంటుంది, ఇంకో చేత్తో ప్రకృతి సేద్యానికి చాలని గడువు ఇస్తుంది.

సొంత భూమి సంగతి ఏమిటంటారా? మనవాళ్లకు పంచిన అసైన్డ్ భూములు ఎలాంటివో ఊరికి వెళ్లి చూడండి. గుట్ట వాలు, రాళ్ల దిబ్బ, నీళ్లెక్కని చెలక. 1977 చట్టం ఆ భూములు చేతులు మారకుండా ఆపాలని వచ్చింది. అయినా ఎన్ని మారాయో మీ ఊళ్లో మీకే తెలుసు. 2014 ఆగస్టు 15న తెలంగాణలో దళిత కుటుంబానికి మూడెకరాల పథకం మొదలైంది. కొన్ని వేల కుటుంబాల దగ్గర ఆగిపోయింది.

అయినా రాళ్ల చెలకలో కూడా ఏం చేయొచ్చో మళ్లీ జహీరాబాదే చూపించింది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. వాళ్లు గుంపుగా కలిసి భూములు కౌలుకు పట్టారు. 1990ల మధ్యలో పడావు పడ్డ చెలకలను సాగులోకి తెచ్చారు. దుక్కికి, ఎరువుకు, కలుపుకు అప్పిచ్చి, ఆ అప్పును జొన్నల రూపంలో, కొన్నేళ్ల పాటు తీర్చుకునే ఏర్పాటు చేసుకున్నారు. ఆ జొన్నలే ఊళ్లో పేదలకు తిండిగింజలయ్యాయి. ఆ ఏర్పాటులో తెలివి ఎక్కడుందో గమనించండి. ఎరువు మెల్లగా పనిచేస్తుంది, కాబట్టి అప్పు కూడా మెల్లగా తీరాలి. నేల వేగాన్ని బట్టి లెక్క రాసుకున్నారు. బ్యాంకుకు గానీ పట్టాదారుకు గానీ తట్టని ఆలోచన అది.

బాబాసాహెబ్ రాసిన ఎరువు

మట్టిని, ఊరిని పూజించమని నేను చెప్పడం లేదు. 1948లో రాజ్యాంగ సభలో ఊరి గురించి అంబేడ్కర్ ఏమన్నారో మీకు తెలుసు. ఊరిని పొగిడేవాళ్లను చూసి ఆయన ఆశ్చర్యపోయారు. మట్టి వాసన అంటూ కవిత్వం రాసేవాళ్లను చూస్తే నాకూ అలాగే ఉంటుంది. సాహిత్యంలో మట్టి వాసన చాలా ఉంది. పెంట గంప వాసన దళిత రచయితలు వచ్చాకే వచ్చింది.

కానీ 1947లో ఆయన రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' తీసి చూడండి. వ్యవసాయం ప్రభుత్వ రంగ పరిశ్రమ కావాలన్నారు. భూమిని కులమతాలు చూడకుండా ఊరివాళ్లకు ఉమ్మడి సాగుకు ఇవ్వాలన్నారు. భూస్వామి, కౌలుదారు, కూలి అనే తేడా ఉండకూడదన్నారు. అక్కడితో ఆగలేదు. ఆ పొలాలకు ప్రభుత్వం ఏమేం సమకూర్చాలో కూడా రాశారు. నీళ్లు, పశువులు, పనిముట్లు, విత్తనాలు. ఆ వరుసలో ఎరువు కూడా ఉంది. మన అమ్మల నెత్తి మీద ఉన్న గంపను ఆయన ప్రభుత్వ బాధ్యతల పట్టికలో రాశారు. భూమి ఇచ్చి ఎరువు ఇవ్వకపోతే ఆ భూమి నిలవదని ఆయనకు తెలుసు. మనం దీనికి తిరగవేత కూడా చెప్పాలి. ఎరువు గురించి చెప్పి భూమి గురించి చెప్పకపోతే ఆ ఎరువూ నిలవదు.

ఏం చేద్దాం

హాస్టల్ పిల్లలకు: మీ హాస్టల్ వెనక ఖాళీ జాగా ఉంటే వార్డెన్‌ను అడిగి ఒక గుంత తీయండి. వంటగది తొక్కలు, రాలిన ఆకు, దొరికితే కొంచెం పేడ, పైన మట్టి. తడి ఆరకుండా, మడుగు కట్టకుండా చూసుకోండి. జూన్‌లో మొదలుపెడితే అక్టోబర్‌కు వస్తుంది. నాలుగు బోదెల ఆలుగడ్డ నాటండి. ఆ పని వంతులవారీగా అందరూ చేయాలి. గుంత శుభ్రం చేసే పని ఏ ఒక్క కులం పిల్లల మీదా పడనివ్వకండి. ఊరు అక్కడే మొదలవుతుంది.

పరిశోధన చేసేవాళ్లకు: ఊళ్లకు సర్వేకు వెళ్లినప్పుడు ఎకరాకు దిగుబడి ఎంతని అడుగుతారు. ఇంకో మూడు ప్రశ్నలు చేర్చండి. ఈ నేల ఎన్నేళ్లుగా మీ చేతిలో ఉంది? కాగితం ఉందా? ఇందులో పెంట ఎవరు మోశారు? ఈ మూడింటి జవాబులు పక్కపక్కన పెడితే ఒక థీసిస్ అవుతుంది.

సంఘాల్లో పనిచేసేవాళ్లకు: కౌలు గుర్తింపు అడిగేటప్పుడు పదకొండు నెలలకు ఒప్పుకోకండి. కనీసం మూడేళ్లు రాత మీద ఉండాలి. మధ్యలో ఖాళీ చేయిస్తే తోలిన ఎరువుకు, చెరువు మట్టికి, ఏరిన రాళ్లకు లెక్క కట్టి ఇవ్వాలని అందులో రాయించండి. యజమాని సంతకం పెట్టనంటే సంఘం సాక్ష్యంతో గుర్తింపు ఇవ్వాలని అడగండి. ప్రకృతి సేద్యానికి ఇచ్చే ప్రోత్సాహం పట్టాకు కాకుండా సాగుచేసే మనిషికి రావాలని అడగండి. ఆడవాళ్ల పేరు మీద రావాలని కూడా.

మా చిన్నమ్మ ఈ ఏడాది మరో చెలక కౌలుకు పట్టింది. మళ్లీ ఒక ఏడాదికే, మళ్లీ నోటి మాటే. అందులో మందు బస్తానే వేస్తుంది. ఆమెకు నేను పచ్చిరొట్ట పాఠం చెప్పను. ఆమెకు కావలసిన కాగితం కోసం మండలాఫీసుకు పోవడమే నా పని, మీ పని.

వచ్చేవారం విత్తనం గురించి.

జై భీమ్.